కార్మిక చట్టాలు గట్టిగా ఉన్న దేశాల్లో ఆదాయాల తేడా తగ్గిందా?

పెన్నాతీరం
నెల్లూరులో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక మా స్టాఫ్ రూములో వాదన ఆగడం లేదు. చట్టాలు సడలిస్తే ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఇంకా పెరుగుతుందని కొందరంటారు. పాత చట్టాలు పర్మినెంట్ ఉద్యోగులనే చిన్న గుంపును కాపాడి మిగతా అందరినీ గేటు బయటే ఉంచాయి, తేడాలు పెంచింది అవేనని ఇంకొందరు.

పిల్లలు అడిగితే ఏదో ఒకటి చెప్పి పంపెయ్యడం నాకు ఇష్టం లేదు. అందుకే దేశాలవారీగా లెక్కలు తీశాను. గినీ సూచీ తెలుసు కదా, అందరి ఆదాయం సమానమైతే 0, మొత్తం ఒక్కడి చేతిలోనే ఉంటే 1. డెన్మార్క్‌లో అది 0.28 దరిదాపుల్లో ఉంది. అక్కడ మనిషిని పనిలోంచి తీసెయ్యడం తేలిక, కనీస వేతనం ఇంత అని చెప్పే చట్టమే లేదు. అమెరికాలో కూడా తీసెయ్యడం తేలికే, కానీ గినీ 0.41. దక్షిణాఫ్రికాలో 1995 నాటి లేబర్ రిలేషన్స్ చట్టం ఉంది, సమ్మె హక్కు రాజ్యాంగంలోనే రాశారు, 2019 నుంచి జాతీయ కనీస వేతనం కూడా ఉంది. అయినా గినీ 0.63, ప్రపంచ బ్యాంకు జాబితాలో అన్నిటికన్నా ఎక్కువ.

ఈ మూడు దేశాలనూ పక్కపక్కన పెడితే ఏ సూత్రమూ నిలబడటం లేదు. ఈ విషయం చదివినవాళ్లూ, దగ్గర్నుంచి చూసినవాళ్లూ చెప్పండి.

లెక్కల మాస్టారు
అన్ని చట్టాలనూ ఒకే గాటన కట్టడం వల్లే సూత్రం దొరకడం లేదు సార్. ఇంతకన్నా తక్కువ కూలి ఇవ్వకూడదనేది ఒక రకం. ఊరికే తీసెయ్యకూడదనేది ఇంకో రకం. కార్మికులు కలిసి బేరమాడొచ్చు, నచ్చకపోతే వేరే చోటికి పోవచ్చు అనేది మూడో రకం. మొదటిదీ మూడోదీ కింది జీతాలను పైకి లేపుతాయి. రెండోది మాత్రం లోపల ఉన్నవాడికే పనికొస్తుంది. లోపల ఉన్నవాళ్లు ఎంతమంది అన్నదాన్ని బట్టి అది తేడాలు తగ్గించనూ వచ్చు, పెంచనూ వచ్చు.

అమెరికా కథ చూడండి. ఫెడరల్ కనీస వేతనం 1981 జనవరి నుంచి 1990 ఏప్రిల్ దాకా గంటకు 3.35 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు పెరుగుతూ పోయాయి, దాని విలువ కరిగిపోయింది. ఆ పదేళ్లలోనే కింది జీతాలకూ మధ్య జీతాలకూ దూరం బాగా పెరిగింది, ముఖ్యంగా ఆడవాళ్ల జీతాల్లో. ఇప్పుడున్న 7.25 డాలర్లు కూడా 2009 జులైలో పెట్టిందే. టిప్పులు వచ్చే హోటల్ వర్కర్లకు యజమాని ఇవ్వాల్సిన కనీసం 1991 నుంచీ 2.13 డాలర్లే.

అంతకుముందు జరిగింది ఇంకా ముఖ్యం. 1938లో కనీస వేతన చట్టం చేసినప్పుడు పొలం పనినీ, ఇంటి పనినీ వదిలేశారు. నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్నది ఆ పనుల్లోనే. 1966లో సవరణ చేసి పొలాలు, హోటళ్లు, నర్సింగ్ హోములు, స్కూళ్లను చట్టంలోకి తెచ్చారు, 1967 ఫిబ్రవరి నుంచి అమలైంది. ఆ కాలంలో నల్లవాళ్ల, తెల్లవాళ్ల సంపాదనల మధ్య తేడా ఎంత తగ్గిందో, అందులో 20 శాతానికి పైగా ఈ ఒక్క సవరణ వల్లేనని డెరెనన్‌కోర్ట్, మాంటియలూ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అప్పటిదాకా చట్టం బయట ఉన్నవాళ్లను లోపలికి తీసుకురావడమే అక్కడ పనిచేసింది. చట్టం ఎంత గట్టిది అని అడిగే ముందు అది ఎవరికి వర్తిస్తుంది అని అడగాలి.

ఉక్కునగరం
నాది విశాఖ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్. యజమాని అంటే విలన్ అనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి మా వైపు కూడా వినండి.

పాత పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 100 మంది దాటిన ఫ్యాక్టరీ ఎవరినైనా తీసెయ్యాలన్నా, మూసెయ్యాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలి. ఆర్డర్లు నాలుగు నెలలు వస్తాయి, నాలుగు నెలలు రావు. ఆ గీత దాటడానికి ఏ యజమానికైనా భయమే. అందుకే కొందరు ఒకే షెడ్డులో రెండు కంపెనీల బోర్డులు పెడతారు. మిగతావాళ్లు కాంట్రాక్టరు ద్వారా మనుషుల్ని తెచ్చుకుంటారు. ఒకే వెల్డింగ్ బే, ఒకే డ్రాయింగ్, ఒకే వేడి. ఇటుపక్క పర్మినెంట్ వెల్డరుకు పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ అన్నీ ఉంటాయి. అటుపక్క కాంట్రాక్టు వెల్డరుకు రోజు కూలి, అందులోంచి మేస్త్రీ పట్టుకునేది పట్టుకుంటాడు. జీతంలో సగం తేడా. పని నాణ్యతలో తేడా ఉండదు. ఈ తేడా మార్కెట్ వల్ల వచ్చింది కాదు, ఆ గీత వల్ల వచ్చింది. తీసెయ్యడం తేలికైతే పెట్టుకోవడం కూడా తేలికవుతుంది.

లెక్కల మాస్టారు
మీరు చెప్పిన రెండు వెల్డర్ల తేడా నిజం సార్. సంఘటిత ఫ్యాక్టరీల కార్మికుల్లో ఇప్పుడు 40 శాతానికి పైగా కాంట్రాక్టు వాళ్లేనని ప్రభుత్వ వార్షిక పరిశ్రమల సర్వేనే చెబుతోంది. కారణం మాత్రం ఆ గీత ఒక్కటే అంటే నేను ఒప్పుకోను.

ఆ వాదనకు మూలం 2004లో బెస్లీ, బర్జెస్ రాసిన పరిశోధన. చట్టాన్ని కార్మికుల వైపు సవరించిన రాష్ట్రాల్లో రిజిస్టర్డ్ పరిశ్రమ వెనకబడిందనీ, పట్టణ పేదరికం పెరిగిందనీ వాళ్లు తేల్చారు. ఆ వర్గీకరణలో మన ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు మొగ్గిన రాష్ట్రం, గుజరాత్ కార్మికుల వైపు మొగ్గిన రాష్ట్రం! ఏదో ఒక చిన్న సవరణను పట్టుకుని రాష్ట్రం మొత్తానికి ముద్ర వేశారని ఆదిత్య భట్టాచార్జీ గట్టిగానే విమర్శించారు. ఆ విమర్శకు బలం ఉంది.

ఇంకో సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే కాంట్రాక్టు లేబర్ చట్టాన్ని సవరించి, ముఖ్య ఉత్పత్తి కాని పనులన్నిటికీ కాంట్రాక్టు మనుషుల్ని పెట్టుకోనిచ్చింది. అంటే సడలింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మరి ఆ వెల్డరు జీతం పర్మినెంట్ వెల్డరు జీతానికి దగ్గరైందా? సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ తాత్కాలిక ఉద్యోగుల కేసులో సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. మన రాష్ట్రాల ప్రభుత్వ ఆఫీసుల్లోనే అవుట్‌సోర్సింగ్ వాళ్లకు అది అందుతోందా?

ఇందూరు బిడ్డ
మాస్టారు చెప్పిన 'లోపల, బయట' అన్నమాట మాది నిజామాబాద్ జిల్లా కాబట్టి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అమ్మ బీడీలు చుడుతుంది. ఆకు, తంబాకు ఇచ్చి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆకు బాగా లేకపోతే వెయ్యి అవ్వవు, తక్కువైనవాటికి ఆకు మా అమ్మే కొనుక్కోవాలి. బీడీ కార్మికుల చట్టం 1966లోనే వచ్చింది. కాగితం మీద సెలవులు, గుర్తింపు కార్డు, పీఎఫ్ అన్నీ ఉన్నాయి. మా వాడలో ఒకే అరుగు మీద కూర్చుని చుట్టేవాళ్లలో కొందరికే పీఎఫ్ నంబరు ఉంది. మిగతావాళ్లు వేరేవాళ్ల పేరు మీద చుట్టి ఇస్తరు.

తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు పెన్షన్ ఇచ్చిన్రు, మంచిదే. కానీ 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నవాళ్లకే అన్నరు. అమ్మకు ఉంది కాబట్టి వచ్చింది. పక్కింటి చిన్నమ్మకు లేదు. ఇద్దరివీ ఒకే రకం వేళ్లు, ఒకే దగ్గు. పెన్షన్ ఒకరికే.

ఇట్లాంటి గీతలు గీసి మధ్యలో మనుషుల్ని విడగొట్టేది ఏ దేశంలోనైనా ఉంటదా, ఇక్కడేనా?

లెక్కల మాస్టారు
ఉంటుంది తమ్ముడూ. బ్రెజిల్‌లో ఇంటి పనివాళ్లకు 2013 దాకా పని గంటల పరిమితి లేదు, ఓవర్‌టైం లేదు. ఆ ఏడాది రాజ్యాంగాన్నే సవరించి వారానికి 44 గంటలనీ, దాటితే అదనపు కూలి అనీ పెట్టారు. లక్షల మంది ఆడవాళ్లకు అది పెద్ద గెలుపు. అయితే ఒకే ఇంట్లో వారానికి రెండు రోజులకు మించి చేస్తేనే ఉద్యోగి కింద లెక్క. దాంతో చాలా ఇళ్లవాళ్లు నెల జీతం మనిషిని మాన్పించి రోజు కూలి మీద రెండు రోజులకే పిలవడం మొదలుపెట్టారు. మీ వాడలో పీఎఫ్ నంబరు చేసిన పనే అక్కడ రెండు రోజుల నిబంధన చేసింది.

కానీ బ్రెజిల్ కథ అక్కడితో అయిపోలేదు. 1990ల మధ్య నుంచి అక్కడ కనీస వేతనం ధరల పెరుగుదల తీసేసినా రెట్టింపు దాటింది. సంఘటిత రంగంలో జీతాల తేడా తగ్గిన దాంట్లో దాదాపు సగం వాటా దీనిదేనని ఎంగ్‌బోమ్, మోజర్ లెక్క చెబుతోంది. సంఘటితం కాని వాళ్లకు కూడా కొంత లాభం దక్కింది. చిన్న కొట్టువాడు కూడా జీతం మాట్లాడేటప్పుడు ఆ కనీస వేతనాన్నే కొలతగా పెట్టుకుంటాడు. లైట్‌హౌస్ ఎఫెక్ట్ అంటారు దీన్ని. పెన్షన్లు కూడా ఆ వేతనానికే ముడిపెట్టారు కాబట్టి ముసలివాళ్లకు కూడా పెరిగింది.

ఉక్కునగరం
కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోవా మాస్టారూ? మా దగ్గర అయితే ఇద్దరు చేసే పని ఒకరితో చేయిస్తారు, లేదా మెషీన్ తెస్తారు. దక్షిణాఫ్రికా గురించి పైన రాశారు కదా, అక్కడ జరిగింది అదే కాదా?

ఎల్బే ఒడ్డున
జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉంటాను, మాస్టర్స్ చదువుతూ పార్సిల్ గోదాములో పార్ట్‌టైం చేశాను. 2015 జనవరిలో ఇక్కడ మొదటిసారి గంటకు 8.50 యూరోల కనీస వేతనం పెట్టినప్పుడు పేరున్న ఆర్థికవేత్తలే లక్షల ఉద్యోగాలు పోతాయని హెచ్చరించారట. జీతాలు తక్కువగా ఉన్న ఈ తూర్పు జర్మనీలో అయితే ఇంకా ఘోరం అన్నారు. అలా జరగలేదు. కింది జీతాలు పెరిగాయి, ఉద్యోగాలు కుప్పకూలలేదు. చిన్న చిన్న, తక్కువ జీతాల చోట్ల నుంచి మనుషులు కాస్త పెద్ద కంపెనీలకు మారారని తర్వాతి పరిశోధనలో తేలింది. 2025లో అది 12.82, 2026 జనవరి నుంచి 13.90 యూరోలు. గోదాములో నాతోపాటు చేసిన సిరియా అతనికీ, ఇక్కడే పుట్టిన పెద్దాయనకూ, నాకూ గంటకు ఒకటే రేటు. అది నేను కళ్లారా చూశాను.

లెక్కల మాస్టారు
మంచి మాట చెప్పారు. ఇదే ప్రశ్న మీద కార్డ్, క్రూగర్ 1992లో న్యూజెర్సీని పరిశీలించారు. అక్కడ కనీస వేతనం 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచారు, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెంచలేదు. రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పోల్చి చూస్తే న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. డేవిడ్ కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది ఇలాంటి పనికే.

కారణం ఏంటంటే, చాలా చోట్ల యజమాని ఇచ్చే కూలి ఆ మనిషి చేసే పని విలువకన్నా తక్కువే ఉంటుంది, ఎందుకంటే ఆ మనిషికి పోవడానికి వేరే చోటు లేదు. ఆ సందు ఉన్నంతవరకు కూలి పెంచినా ఉద్యోగం పోదు. సందు దాటి పెంచితే పోతుంది. దక్షిణాఫ్రికాలో కొన్ని చోట్ల ఆ గీత దాటింది సార్, అది దాచాల్సిన పనిలేదు. క్వాజులు-నాటాల్‌లోని న్యూకాసిల్ అనే ఊళ్లో బట్టల ఫ్యాక్టరీలు ఉన్నాయి. పెద్ద కంపెనీలూ, యూనియన్లూ కలిసి కుదుర్చుకున్న వేతనాలను మంత్రి ఆ రంగం మొత్తానికీ వర్తింపజెయ్యొచ్చు. ఆ వేతనం ఇవ్వలేమని అక్కడి యజమానులు అడ్డం తిరిగారు. 2010లో మూసివేతలకు అధికారులు వచ్చినప్పుడు, తమ ఫ్యాక్టరీలు మూయొద్దని కుట్టుపని చేసే ఆడవాళ్లే అడ్డుపడ్డారు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లి, 2013లో ఆ పొడిగింపు ఉత్తర్వును కొట్టేశారు.

విజయవాడ వకీలు
మాస్టారు గారు, న్యూకాసిల్ కథను ఒక్కదాన్నే చెప్తే చదివేవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు. దక్షిణాఫ్రికాలో నిరుద్యోగం 30 శాతం పైన ఉండటానికి 1995 చట్టం ఎంత కారణమో, 1913 భూమి చట్టం అంతకన్నా పెద్ద కారణం. నల్లవాళ్లకు దేశంలో కొద్దిపాటి భూమి మాత్రమే మిగిల్చి, తర్వాత వాళ్ల చదువులు దెబ్బతీసి, ఊళ్లకు దూరంగా తోసేశారు. ఇల్లు ఒక మూల, పని ఇంకో మూల. బస్సు చార్జీకే కూలిలో పెద్ద భాగం పోతుంది. పనిలో ఉన్నవాళ్ల మధ్య ఉన్న తేడా ఒక ఎత్తు, అసలు జీతమే లేని కుటుంబాలు ఒక ఎత్తు. అక్కడ గినీని అంత పైకి లాగుతున్నది ఈ రెండోది. జీతమే లేని ఇంటికి కనీస వేతన చట్టం ఏం చెయ్యగలదు?

ఉత్తరపుగాలి
స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో ఏడేళ్లుగా ఉన్నాను. పెన్నాతీరం గారు అడిగిన డెన్మార్క్ చిక్కుముడికి నాకు తెలిసింది రాస్తాను.

ఈ దేశాల్లో కనీస వేతన చట్టం లేదు అంటే కనీస వేతనం లేదని కాదు. ప్రతి రంగంలో యూనియనూ, యజమానుల సంఘమూ కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి. స్వీడన్‌లో దాదాపు 90 శాతం ఉద్యోగులు అలాంటి ఏదో ఒక ఒప్పందం కిందే ఉన్నారు. 1997 నుంచి ముందుగా ఎగుమతి పరిశ్రమలు ఒక శాతం తేల్చుకుంటాయి. 2025లో రెండేళ్లకు కలిపి 6.4 శాతం అని తేలింది. తర్వాత నర్సులైనా, బస్సు డ్రైవర్లైనా, షాపుల్లోవాళ్లైనా, నాలాంటి ఇంజినీర్లైనా దాని చుట్టూనే బేరం. మా ఆఫీసు శుభ్రం చేసే ఆవిడకూ నాకూ జీతంలో తేడా ఉంది, కానీ ఇండియాలో నేను చూసిన తేడాకు దగ్గర్లోకి కూడా రాదు. ఆమె కూడా వేసవిలో నాలాగే నెల రోజులు సెలవు పెడుతుంది.

1950ల్లో రేన్, మైడ్నర్ అనే ఇద్దరు యూనియన్ ఆర్థికవేత్తలు ఒక పద్ధతి చెప్పారు. ఒకే పనికి ఒకే జీతం, కంపెనీకి లాభం ఎక్కువ ఉన్నా తక్కువ ఉన్నా. ఆ జీతం ఇవ్వలేని కంపెనీ మూతపడితే పడనివ్వండి, ఆ కార్మికుణ్ని ప్రభుత్వం మళ్లీ ట్రైనింగ్ ఇచ్చి మంచి కంపెనీలోకి చేరుస్తుంది. న్యూకాసిల్‌లో లేనిది ఈ రెండో సగం. ఫ్యాక్టరీ మూస్తే ఆ ఆడవాళ్లకు పోవడానికి ఇంకో చోటు లేదు.

డెన్మార్క్‌లో తీసెయ్యడం తేలికే. కానీ తక్కువ జీతం ఉన్నవాడికి పోయిన జీతంలో 90 శాతం దాకా, ఒక పరిమితి లోపల, రెండేళ్ల వరకు నిరుద్యోగ భృతి వస్తుంది. మెక్‌డొనాల్డ్స్ 1981లో అక్కడికి వచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టనంది. 1980ల చివర్లో ఇతర రంగాల యూనియన్లు సానుభూతి సమ్మెకు దిగాయి. రేవులో దాని సరుకు దించలేదు, లారీల్లో చేరవెయ్యలేదు, ప్రింటింగ్ వాళ్లు దాని అచ్చుపని ముట్టుకోలేదు. కంపెనీ దిగివచ్చింది. అమెరికాలో ఇదే పని చేస్తే చట్టవిరుద్ధం, 1947 టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం అలాంటి సమ్మెలను నిషేధించింది. రెండు దేశాల్లోనూ తీసెయ్యడం తేలికే కదా, మరి తేడా ఎక్కడ అని సార్ అడిగారు. నాకు తెలిసి ఇక్కడే.

ఉక్కునగరం
అది చిన్న దేశం, ఒకే జాతి, శాంతంగా ఉండే మనుషులు. మన దగ్గర నడవదు.

ఉత్తరపుగాలి
శాంతంగా ఏమీ లేరు అన్నా. 1920ల్లో ప్రపంచంలోనే సమ్మెలు ఎక్కువ జరిగిన దేశాల్లో స్వీడన్ ఒకటి. 1931లో ఓడలెన్‌లో ఊరేగింపు మీద సైన్యం కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాతే, 1938లో యూనియన్లకూ యజమానులకూ మధ్య సాల్ట్‌షోబాడెన్ ఒప్పందం కుదిరింది. శాంతి ముందు వచ్చి ఒప్పందం తర్వాత రాలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే స్వీడన్ గురించి సగమే చెప్పినట్టవుతుంది. జీతాల్లో తేడా తక్కువే గానీ ఆస్తుల్లో తేడా చాలా ఎక్కువ. వారసత్వపు పన్ను, తర్వాత 2007లో సంపద పన్ను ఎత్తేశారు. 1983లో దేశం మొత్తానికీ కలిపి ఒకేచోట చేసే బేరం చెదిరినప్పటి నుంచి గినీ కూడా పైకే పోతోంది. కార్మిక చట్టం జీతాన్ని ముట్టుకుంటుంది, షేర్లనూ భూములనూ ముట్టుకోలేదు.

కౌలు రైతు, తెనాలి
పెద్ద దేశాల సంగతులు బాగున్నాయి. నేను మూడెకరాలు కౌలుకు చేస్తాను. ఉపాధి హామీ వచ్చాక కూలి రేట్లు పెరిగాయి, నాట్లకు మనుషులు దొరకడం కష్టమైంది. ధాన్యం రేటు మాత్రం నా చేతిలో లేదు, కౌలు తగ్గదు. కూలీలకు పెరగాలి, కాదనను. కానీ అది పొలం యజమాని జేబులోంచి పోవడం లేదు, నా జేబులోంచి పోతోంది. ఇదెక్కడి సమానత్వం?

లెక్కల మాస్టారు
మీ ప్రశ్న న్యాయమైంది. దానికి ముందు కూలి ఎందుకు పెరిగిందో చెబుతాను, ఎందుకంటే ఈ ప్రశ్న మీద ప్రపంచంలోనే పేరున్న అధ్యయనం మన దగ్గరే జరిగింది.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 8 జిల్లాల్లో, పెన్నాతీరం గారి నెల్లూరు కూడా అందులో ఒకటి, కూలి డబ్బులు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో వెనక అన్నది లాటరీ వేసి నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, నీహౌస్, సుఖ్‌తాంకర్ దాన్ని పరిశీలించారు. డబ్బు సరిగా, వేళకు అందిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం 14 శాతం దాకా పెరిగింది. అందులో చాలా ఎక్కువ భాగం ఉపాధి హామీ డబ్బు కాదు, బయటి కూలి పెరగడం వల్ల వచ్చిందే! ప్రైవేటు పని దొరకడం కూడా తగ్గలేదు. 'నువ్వు ఇవ్వకపోతే ఉపాధి పనికి పోతా' అనే మాట చేతిలో ఉంటే చాలు, పోకపోయినా రేటు పెరుగుతుంది.

2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టంలో పని దినాలు 125కి పెంచారు. అయితే విత్తే కాలంలో, కోతల కాలంలో 60 రోజులు పని ఆపే ఏర్పాటు పెట్టారు. మీలాంటి రైతులకు ఊరట కావచ్చు. కూలి మనిషికి బేరమాడే బలం ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ మాట ఆ రోజుల్లోనే చేతిలోంచి పోతుంది.

ఇక మీ జేబు సంగతి. కూలీకి పెరిగిన రూపాయిలో భూమి యజమాని కూడా భాగం మొయ్యాలంటే కౌలు తగ్గాలి. కౌలు రైతుకు కాగితం లేకపోతే కౌలు బేరంలో అతనికి బలం లేదు. బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం అన్నీ పట్టా ఉన్నవాడికే పోతాయి. పక్కింటి చిన్నమ్మకు పీఎఫ్ నంబరు లేకపోవడం, మీకు కౌలు కాగితం లేకపోవడం రెండూ ఒకటే సమస్య.

కౌలు రైతు, తెనాలి
ఆ చివరి మాట నిజం. కౌలు కార్డు రాయించుకోవాలంటే భూమి యజమాని సంతకం పెట్టడు. అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇస్తానంటాడు.

ఇందూరు బిడ్డ
గల్ఫ్ గురించి ఎవరూ రాయలేదు. మా జిల్లా, జగిత్యాల, సిరిసిల్ల నుంచి ఇంటికొకరు అక్కడే ఉన్నరు. మా అన్న ఖతార్‌లో ఉన్నడు. ఒకే సైటులో తెల్లోడికి ఒక జీతం, మనోడికి ఒక జీతం.

విజయవాడ వకీలు
అక్కడి అసలు సమస్య కఫాలా పద్ధతి తమ్ముడూ. వీసా యజమాని చేతిలో ఉంటుంది, అతను ఒప్పుకోకపోతే వేరే కంపెనీకి పోవడానికి లేదు. మనవాళ్లకు ఇది కొత్త కాదు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో డర్బన్ వెళ్లిన చెరకు తోటల కూలీలు కూడా కొన్నేళ్లపాటు ఒకే యజమానికి కట్టుబడి ఉండాల్సిన ఒప్పందం మీదే వెళ్లారు.

దుబాయ్ ఉన్న దేశం యూఏఈ 2011 జనవరిలో ఒక్క నిబంధన మార్చింది. కాంట్రాక్టు గడువు ముగిస్తే పాత యజమాని ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) లేకుండానే వేరే కంపెనీలో చేరొచ్చు అంది. కనీస వేతనం పెట్టలేదు, యూనియన్లకు అనుమతి లేదు. అయినా కాంట్రాక్టు ముగిసిన వాళ్ల సంపాదన సగటున 10 శాతం పెరిగిందని నాయుడు, న్యార్కో, వాంగ్ అధ్యయనంలో తేలింది. విచిత్రం ఏమంటే, చాలామంది పాత కంపెనీలోనే ఉండిపోయారు. పోగలిగే వీలు ఉంది కాబట్టి పాత యజమానే జీతం పెంచాడు.

ఖతార్ 2020లో ఎన్ఓసీ తీసేసి, 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది. తిండి, వసతి కంపెనీ ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500 అదనం. సరిగ్గా ఆ సమయంలోనే, 2020 సెప్టెంబరులో, మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ వెళ్లేవాళ్లకు తాను నిర్ణయించే కనీస వేతనాలను తగ్గించింది. ఉద్యోగాలు కాపాడటానికి అన్నారు. దానిమీద తెలంగాణ హైకోర్టులో కేసు పడింది, గల్ఫ్ కార్మిక సంఘాలు పోరాడాయి, 2021 జులైలో పాత రేట్లు తిరిగి వచ్చాయి. అవతలి దేశం పెంచుతుంటే మన దేశం తగ్గించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ప్లేనో నుంచి
ఈ మాట చదువుతుంటే మా సంగతి గుర్తొచ్చింది. జీతం పెద్దదే, గల్ఫ్ అన్నలతో పోల్చను. కానీ ఇక్కడ అమెరికాలో హెచ్1బి వర్క్ వీసా మీద ఉన్నవాడు వేరే కంపెనీకి మారొచ్చు, సొంత కంపెనీ బదిలీ చేసి పంపే ఎల్1 వీసా మీద వచ్చినవాడు మారలేడు. ఒకే టీంలో ఒకే పని చేసే ఇద్దరిలో జీతం పెంచమని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుందో ఊహించుకోండి. హెచ్1బికి కూడా ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. గ్రీన్‌కార్డుకు దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్లు ఏళ్ల తరబడి లైన్లో ఉంటారు. నా మొదటి కన్సల్టెన్సీ క్లయింట్ దగ్గర ఎంత తీసుకుంటోందో ఎప్పుడూ చెప్పలేదు, టెన్షన్‌తో నేనూ అడగలేదు.

పెన్నాతీరం
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. వకీలు గారూ, మన నాలుగు కోడ్‌లను ఇదే కొలతతో చూస్తే ఎక్కడ తేలతాయి?

విజయవాడ వకీలు
రెండు వైపులా లాగుతున్నాయి సార్. వేతనాల కోడ్ మంచి పని చేసింది. 1948 చట్టం ప్రభుత్వం జాబితాలో పెట్టిన పనులకే కనీస వేతనం ఇచ్చేది, ఇప్పుడు ఏ సంస్థలో పనిచేసే ఉద్యోగికైనా వర్తిస్తుంది. మాస్టారు చెప్పిన 1966 అమెరికా సవరణ లాంటిదే ఇది. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ రావడం కూడా మంచిదే.

మిగతా కోడ్‌లు చాలామందిని బయటికి తోస్తున్నాయి. తీసివేతకు అనుమతి గీత 100 నుంచి 300కి పోయింది. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే సంస్థలో రాసిపెట్టాల్సిన ఉద్యోగ నియమాలు, కూడా 300 దాటితేనే. కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లం, ఇప్పుడు 20. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 20 మందికి వర్తించేవి, ఇప్పుడు 50. ఉక్కునగరం గారు ఆ గీతంటే భయం అన్నారు. గీత జరిగింది, పోలేదు. భయం 300 దగ్గర మళ్లీ మొదలవుతుంది, ఈ మధ్యలో ఉన్న కార్మికుడికి మాత్రం ఉన్న రక్షణ పోయింది. దానికి బదులు డెన్మార్క్‌లా నిరుద్యోగ భృతి ఏదైనా ఇచ్చారా అంటే, అలాంటిదేమీ లేదు.

కనీస వేతనం అందరికీ అన్నా, దాన్ని సవరించేది రాష్ట్రాలే. ఐదేళ్లకోసారి సవరించాలని పాత చట్టంలోనూ ఉంది. తెలంగాణలో 2021లో ఐదు రంగాలకు జీవోలు ఇచ్చారు, గెజిట్‌లో అచ్చు కాలేదు, అమలు కాలేదు. నా దగ్గరికి వచ్చే సెక్యూరిటీ గార్డులు ఇప్పటికీ ఆ జీవో కాపీ పట్టుకుని వస్తారు.

ఉక్కునగరం
వకీలు గారూ, నిరుద్యోగ భృతి అనే మాటకు నేను సరే అంటాను. అందరు యజమానులూ కట్టాల్సి వస్తే నేనూ కడతాను. నేనొక్కణ్నే కట్టి పక్క షెడ్డువాడు కట్టకపోతే మాత్రం నా కొటేషన్ ఎవరూ తీసుకోరు.

లెక్కల మాస్టారు
అందుకే స్వీడన్‌లో బేరం కంపెనీ కంపెనీకీ కాకుండా రంగం మొత్తానికీ పెట్టారు సార్. మీ ఆటోనగర్ అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తండి.

పెన్నాతీరం గారికి ఒక జాగ్రత్త. ఇండియా గినీ 0.255, ప్రపంచంలో సమానత్వం ఉన్న దేశాల్లో మనది నాలుగో స్థానం అని 2025లో వార్తలొచ్చాయి. అది ఇంటి ఖర్చుల మీద వేసిన లెక్క. అమెరికా, డెన్మార్క్ లెక్కలు ఆదాయం మీద వేసినవి. రెండిటినీ ఒకే పట్టికలో పెట్టకండి. ఆదాయం మీద చూస్తే మన దేశంలో పైనున్న ఒక్క శాతం మంది 2022-23లో మొత్తం ఆదాయంలో 22.6 శాతం తీసుకున్నారని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అంచనా. పిల్లలకు రెండూ చూపించి, ఏది దేని లెక్కో చెప్పండి.

ఇందూరు బిడ్డ
వకీలు సార్, ఒక్కటి అడుగుత. అన్నకు ఆ కంపెనీల చేరి మూడేళ్లు దాటింది. బేసిక్ 1,100 రియాళ్లు, తిండి, రూము కంపెనీదే. వేరే కంపెనీ 1,600 ఇస్తనంటుంది. పాతోడు పాస్‌పోర్టు దాచిపెట్టుకున్నడు, పోనియ్యనంటున్నడు. పోవచ్చునా?

విజయవాడ వకీలు
పోవచ్చు. ఖతార్ 2020 చట్టం ప్రకారం ఎన్ఓసీ అక్కర్లేదు. సర్వీసు రెండేళ్లు దాటింది కాబట్టి రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అది నోటిమాటగా కాకుండా కార్మిక శాఖ ఆన్‌లైన్ పద్ధతిలోనే ఇవ్వమనండి. కొత్త కంపెనీ ఆఫర్ కాగితం ముందు చేతికి తీసుకోవాలి. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం అక్కడ కూడా నేరమే, ఫిర్యాదు పెట్టొచ్చు, దోహాలోని మన ఎంబసీకి కూడా చెప్పొచ్చు. నోటీసు కాలంలో పనికి మాత్రం తప్పకుండా వెళ్లమనండి. మానేస్తే పరారీ కేసు పెట్టడానికి అతనికి సందు దొరుకుతుంది. కాంట్రాక్టు కాపీ ఫొటో తీయించి నాకు మెసేజ్‌లో పంపండి, చూసి చెబుతాను.

ఇందూరు బిడ్డ
ఈ రాత్రే అన్నకు ఫోన్ చేస్త సార్. కాంట్రాక్టు అరబ్బీలో ఉంది, ఇంగ్లిష్ కాపీ కూడా ఉందన్నడు. రెండూ పంపుత.